గేరుబాక్సు ఆయిలు కారుతోందా? ముందు ప్లగ్గు చూడండి

పాత లారీ నిలిపిన చోట నేలమీద నల్లటి మరక పడితే "పాత బండి, ఆమాత్రం కారదా?" అని సరిపెట్టుకునే యజమానులు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఇంజనాయిలు రోజూ పుల్ల తీసి చూసే డ్రైవరు కూడా గేరుబాక్సు జోలికి పోడు. చాలా పాత లారీల గేరుబాక్సుకు కొలతపుల్ల ఉండకపోవడమే ఇందుకు కారణం. పక్కనున్న ప్లగ్గు విప్పితేనే లోపలి సంగతి తెలుస్తుంది. ఆయిలు పోసేదీ, మట్టం చూసేదీ ఆ రంధ్రం నుంచే.

ప్లగ్గు కింది వాషరు నలిగితే ఆయిలు చుక్క చుక్కగా పోతుంది. పళ్లు అరుగుతాయి, బేరింగులు అరుస్తాయి, చివరకు గేరు జారుతుంది. ధాన్యం లోడుతో పల్లం దిగుతుండగా గేరు జారితే ఇంజను పట్టు పోయి, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. వాషరుతో పోయేది ప్రాణం మీదకు వస్తుంది.

ఎక్కడ కారుతోంది?

గేరుబాక్సును డీజిలుతో శుభ్రంగా తుడిచి, కొంతదూరం నడిపి చూడాలి. తడి ప్లగ్గు దగ్గర మొదలైతే వాషరు మారిస్తే సరిపోవచ్చు. వెనుక నుంచి వస్తే ఆయిల్‌సీలును అనుమానించాలి. అయితే సీలు మార్చేముందు పైనున్న బ్రీదరు చూడాలి. అది మట్టితో పూడుకుపోతే లోపలి వేడిగాలికి దారి లేక, ఆయిలును సీలు నుంచి బయటకు తోస్తుంది.

మార్చే పద్ధతి

బండిని చదునైన నేలమీద ఆపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కిందకు దూరరాదు. ప్లగ్గు చుట్టూ మట్టి తుడిచాకే విప్పాలి. లేకపోతే ఇసుక లోపల పడుతుంది.

ముందు పోసే ప్లగ్గు, తరువాతే కింది ప్లగ్గు విప్పాలి. కిందది విప్పి ఆయిలు వదిలేశాక పైది ఊడకపోతే బండి కదిలే దారి ఉండదు. ఆయిలు గోరువెచ్చగా ఉంటే బాగా దిగుతుంది, సలసల కాగుతుంటే చేయి కాలుతుంది.

దిగిన ఆయిలులో సన్నటి పొడి ఉంటే మామూలే. ఇనుప పలుకులు కనిపిస్తే మెకానిక్కుకు చూపాలి. పాలలా తెల్లబారితే నీరు చేరినట్టు లెక్క.

కొత్త వాషరు వేసి, రంధ్రం అంచు నుంచి పొర్లేదాకా ఆయిలు పోసి, చుక్కలు ఆగాక బిగించాలి. మర అరిగితే గుడ్డపేలిక చుట్టి బిగించడం తాత్కాలికమే. లేతుపని చేసేవారికి చూపి కొత్త మర వేయించుకోవాలి.

ఏ ఆయిలు?

"చిక్కగా ఉన్నదే మంచిది" అన్నది పొరపాటు. క్రౌనుకు పోసే ఆయిళ్లలో కొన్ని గేరుబాక్సులోని ఇత్తడి రింగులను తినేస్తాయి. కంపెనీ పుస్తకంలో రాసిన రకమే వాడాలి.

విడిభాగం కొనేటప్పుడు పాత ప్లగ్గు వెంట తీసుకెళ్లడం మేలు. టాటా లారీలు 1954లో జర్మనీ బెంజ్ సహకారంతో మొదలయ్యాయి. అశోక్ లేలాండ్‌ది బ్రిటిష్ కుదురు. ఒకదాని మర మరొకదానికి పట్టకపోవచ్చు. పాత లారీల సామానుకు విజయవాడ ఆటోనగర్ పేరుపడ్డది.

తీసిన ఆయిలును కాలువలోనో, చేలోనో పారబోయరాదు. డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవారికి ఇవ్వాలి. కొత్త వాషరు వేశాక వారంపాటు బండి నిలిపిన చోట నేల చూడండి. మళ్లీ మరక పడితే పని ఇంకా మిగిలినట్టే.