సాక్షి ఉండ



నర్సాపురం ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఒక సంగతి తెలుసు. పట్టణంలో నూలు దుకాణానికి కొత్త సరుకు దిగిందంటే, ఆ కబురు సాయంత్రానికల్లా చుట్టుపక్కల పల్లెల అరుగుల మీదికి చేరిపోతుంది. ఆదివారం ఆరాధన అయిన తరువాత చెట్టు కింద నిలబడి స్త్రీలు చెప్పుకునే మాటల్లో కూడా అదే వినబడుతుంది. "మీగడ రంగు వచ్చిందట వదినా", "ఇరవై నెంబరు దొరుకుతోందట పిన్నీ" అని.

ఈమధ్య మా సంఘములోని స్త్రీల సమాజంవారు క్రిస్మసు అమ్మకానికి కొన్ని అల్లికలు చేయాలని తలంచి, నూలు కొనడానికి వెళ్తూ నన్నూ నా భార్యనూ రమ్మన్నారు. దుకాణదారుడు మంచివాడు. కొత్తగా వచ్చిన ఉండలన్నీ బల్ల మీద పరిచి ఓపికగా చూపించాడు. డబ్బు లెక్క కట్టేటప్పుడు మాత్రం నవ్వుతూ ఒక మాట అన్నాడు. "మీకేమమ్మా, తీరిక వేళ చేసుకునే పని. నూలు ఖరీదు వస్తే చాలు కదా, కూలి ఎవరికి ఇవ్వాలి గనుక?"

ఎవరూ బదులు చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. అయితే ఆ 'తీరిక' అనే మాట నా వెంట ఇంటిదాకా వచ్చింది. చిన్నతనంలో ఆ మాటను మా ఇంట్లోనే ఒకసారి విని ఉన్నాను. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ముందుగా నూలు గురించి చెప్పుకుందాం. నూలు తెలిస్తేనే కష్టం లెక్క తెలుస్తుంది.

నూలును ఎలా ఎంచుకోవాలి?

నూలు నెంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చాలామంది దీనిని తలక్రిందులుగా అనుకుంటారు. మిల్లుల లెక్కలో 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నెంబరు. 20 చిలపలు తూగితే 20వ నెంబరు, 40 తూగితే 40వ నెంబరు. లేసు దారం ఉండల మీద వేసే నెంబరు అచ్చంగా ఈ లెక్క కాకపోయినా, పెద్ద నెంబరు సన్న దారం అనే సూత్రం మాత్రం ఒకటే.

కొన్ని ఉండల చీటీ మీద 'మెర్సరైజ్డ్' అని ఉంటుంది. ఇంగ్లాండులోని లాంకషైరుకు చెందిన జాన్ మెర్సర్ అనే ఆయన 1844లో నూలు గుడ్డను కాస్టిక్ సోడా నీళ్ళతో పరీక్షించి, నూలు ఉబ్బి బలపడి రంగును బాగా పీల్చుకోవడం గమనించాడు. 1850లో ఆ పద్ధతికి పేటెంటు పొందాడు. తరువాత 1890లో హోరేస్ లో అనే మరొకరు, దారాన్ని బిగలాగి పట్టి అదే పని చేస్తే పట్టువంటి మెరుపు వస్తుందని చూపించాడు. మనం లేసుకు వాడే మెరుపు దారం అలా వచ్చింది.

కొనేటప్పుడు మరి మూడు సంగతులు చూడండి. ఒకటి, చీటీ మీద లాటు నెంబరు. ఒకే రంగయినా లాటు మారితే ఛాయ మారుతుంది. గనుక వస్తువు మొత్తానికి సరిపడా నూలు ఒకేసారి ఒకే లాటులో తీసుకోండి. రెండవది, రంగు నూలయితే ఒక మూరెడు దారం తడిపి తెల్లగుడ్డలో పెట్టి నలపండి. రంగు అంటుకుంటే దానిని తెల్ల నూలుతో కలిపి అల్లవద్దు. మూడవది, 'ఊలు' అని అడిగితే ఇచ్చేదంతా ఉన్ని కాదు. మన బజార్లలో దొరికే ఊలు ఉండల్లో చాలా భాగం అక్రిలిక్ అనే కృత్రిమ నూలే. రెండంగుళాల ముక్కను చిమటాతో పట్టుకొని, కింద పళ్ళెం పెట్టి, పెద్దవాళ్ళే వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన వస్తుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అది మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది గనుక, పొయ్యి దగ్గర తిరిగే పిల్లలకు అక్రిలిక్ బట్టలు వేసేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఏ నూలుతో ఏమి అల్లాలి?

మావాళ్ళు ఆ రోజు మూడు రకాల నూలు తీసుకున్నారు.

సన్నని 20 నెంబరు మెరుపు దారంతో బల్ల మీద పరిచే గుండ్రని లేసు గుడ్డలు. ఆరేడు గొలుసులు వేసి, చుట్టగా కలిపి, వరుస వరుసకూ కుట్లు పెంచుకుంటూ పోవాలి. అంచు ముడతలు పడితే కుట్లు ఎక్కువయ్యాయని, గిన్నెలా లోపలికి ముడుచుకుంటే తక్కువయ్యాయని అర్థం. పూర్తయ్యాక పలుచని గంజిలో ముంచి, చెక్క మీద సమంగా లాగి, తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి ఆరబెడితే ఆకారం నిలుస్తుంది.

కొంచెం లావు నూలుతో పురిటి బిడ్డలకు టోపీలు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. అల్లిక సాగుతుంది గనుక టోపీ చుట్టుకొలత 33 ఉంటే చాలు. నడినెత్తిన చక్రం అడ్డుకొలత పదిన్నర సెంటీమీటర్లు వచ్చేవరకు కుట్లు పెంచి, అక్కడి నుండి పెంచకుండా కిందికి అల్లుకుంటూ రావాలి. మన వేడికి ఉన్ని కంటే నూలే మేలు. గుండీలు, పొడుగు దారాలు పెట్టవద్దు.

ఊలుతో రెండు సూదుల మఫ్లర్లు. వీటికి ముందుగా ఒక నమూనా ముక్క అల్లి, 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కించాలి. 20 పడితే, 20 సెంటీమీటర్ల మఫ్లరుకు 40 కుట్లు ఎక్కించుకోవాలి. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కొక్క రకం గనుక, పొరుగావిడ లెక్క మనకు పనికిరాదు.

ఈ పని మన ఊరికి ఎలా వచ్చింది?

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు భార్యలతో కలిసి ఇంగ్లాండు నుండి వచ్చి గోదావరి డెల్టాలో పని ఆరంభించారు. తరువాత 1844లో స్కాట్లాండుకు చెందిన మక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు నేర్పించారని చెబుతారు. పొలం లేనివారికి, కరవులో పని దొరకనివారికి నాలుగు డబ్బులు రావాలన్నది ఆనాటి ఉద్దేశం. క్రమంగా ఈ పని సంఘము గోడలు దాటి అన్ని కులాల ఇళ్ళలోకి వెళ్ళింది. పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని అతికేవారు మరొకరు, నూలు ఇచ్చి లేసు సేకరించే ఏజెంటు ఇంకొకరు. ఇలా పెద్ద ఎగుమతి వ్యాపారమే అయింది.

మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి, ఈ స్త్రీల మధ్య తిరిగి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు అల్లే స్త్రీలను కూడా లోకం పనివారుగా లెక్కపెట్టలేదని, 'ఇంట్లో కూర్చొని తీరికగా చేసుకుంటున్నారు' అనే మాటే వారి కూలిని తక్కువగా ఉంచిందని ఆమె తేల్చింది. మా దుకాణదారుడు ఆ పుస్తకం పేరు విని ఉండడు. అయినా అదే మాట అన్నాడు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మర లేసును నర్సాపురం లేసు పేరుతో అమ్మకుండా అడ్డుకోవడానికి అది ఉపయోగపడుతుంది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని, కూలిని నిర్ణయించదు. అది మనమే అడిగి తెచ్చుకోవాలి. అడగాలంటే లెక్క ఉండాలి.

అమ్మ మూట

1990 ప్రాంతం. నాకు పదేళ్ళు. అక్టోబరు ముసురులో ఒక ఏజెంటు మా అమ్మకు రెండు కిలోల నూలు తూచి ఇచ్చాడు. పెద్ద పడక దుప్పటి పని. మధ్యలో వరి కోతలు వచ్చి ఆలస్యమైంది. రాత్రి మాకు అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, బుడ్డి దీపం దగ్గరకు జరుపుకొని అమ్మ అల్లుతూ ఉండేది. మార్చి నెలలో, ఎండలు కాస్తున్నప్పుడు, ఆ మూట నెత్తిన పెట్టుకొని నేనే వెంట వెళ్ళాను.

తక్కెడలో వేస్తే అరవై గ్రాములు తక్కువ వచ్చింది.

"ఏమ్మా, దారం మిగుల్చుకున్నావా?" అన్నాడు ఆయన, పదిమందిలో. "లేదు బాబుగారూ" అంది అమ్మ. ఇంకేమీ అనలేదు. తరుగు నూలు ఖరీదు కూలిలో కోసుకున్నారు. ఇంటికి వచ్చాక అమ్మ పెట్టె అంతా దులిపి వెదికింది. తెంపిన దారం కొసలన్నీ దాచిన రేకు డబ్బా ఒకటి ఉంటే, మరునాడు దానిని తీసుకువెళ్ళి చూపించింది. ఆ కొసలు అయిదు గ్రాములు కూడా తూగలేదు. "పోనీలే, తీరిక పనే కదా" అన్నాడు నాన్న, ఓదార్పుగానే. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఎన్నో ఏళ్ళ తరువాత నూలు గురించి చదువుతుంటే నాకు సంగతి అర్థమైంది. నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. అందుకే నూలు వ్యాపారంలో పూర్తిగా ఆరిన నూలు బరువు మీద నూటికి 8.5 వంతుల తేమ ఉండవచ్చునని ప్రమాణం పెట్టుకున్నారు. ముసురులో తేమ అంతకంటే పెరుగుతుంది, పొడి ఎండలో తగ్గుతుంది. వానలో తూచి ఎండలో తిరిగి తూస్తే, ఒక్క పోగు పోకుండానే కిలోకు 30, 40 గ్రాములు తగ్గవచ్చు. రెండు కిలోలకు అరవై గ్రాములంటే అదే లెక్క. ఏజెంటుకూ ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. కాని నష్టపోయింది మా అమ్మ.

రెండు పనులు చేయండి

మొదటిది, నూలు తూకానికి తెచ్చుకునే అక్కచెల్లెళ్ళు అదే నూలులో ఒక ఉండను ఏజెంటు ఎదుటే విడిగా తూయించి, ఆ బరువు చీటీ మీద వ్రాయించుకోండి. ఆ ఉండను వాడవద్దు. లేసు దాచే పెట్టెలోనే దాచండి. లేసు అప్పగించే రోజు దానిని కూడా తూయించండి. వంద గ్రాముల ఉండ 97 తూగితే, లేసు కూడా కిలోకు 30 గ్రాములు ఆరినట్టే. ఆ ఉండను తిరిగి ఇచ్చేయండి. నేను దానికి 'సాక్షి ఉండ' అని పేరు పెట్టాను. మాట పెరగకుండా, ఎవరినీ నిందించకుండా, అదే సాక్ష్యం చెబుతుంది.

రెండవది, ఒక నోటు పుస్తకం. అందులో నాలుగు గడులు: తేదీ, వాడిన నూలు, కూర్చున్న గంటలు, వచ్చిన డబ్బు. ఉదాహరణకు ఒక వస్తువుకు నూలు 40 రూపాయలు, పట్టిన కాలం 8 గంటలు, అమ్మితే వచ్చింది 120 అనుకోండి. నూలు పోగా మిగిలింది 80. అంటే గంటకు 10 రూపాయలు. ఈ అంకె కంటికి కనబడితేనే ఆ పని చేయాలా, ధర పెంచమని అడగాలా అని ఇంట్లో మాట్లాడుకోగలరు. వ్రాయడం రాని తల్లులకు బడికి వెళ్ళే పిల్లలు వ్రాసిపెట్టవచ్చు. సహోదరులారా, ఆ పుస్తకం మీరు కూడా తెరచి చూడండి. రాత్రి తొమ్మిది తరువాతి గంటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అప్పుడు 'తీరిక' అనే మాట మీ నోట రాదు.

మా స్త్రీల సమాజంవారు ఇప్పుడు ప్రతి వస్తువుకూ గంటలు వ్రాస్తున్నారు. క్రిస్మసు అమ్మకంలో ధర చీటీ మీద నూలు ఖరీదు ఒక వరుస, చేతి కూలి ఒక వరుస వేయాలని తీర్మానించుకున్నారు. కొనేవారు కొందరు గొణగవచ్చు. గొణగనివ్వండి.

మా అమ్మకు చూపు తగ్గి, అల్లిక మానివేసి చాలాకాలమైంది. క్రిందటి నెల ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చొని ఈ తేమ లెక్క వివరంగా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నా చేయి పట్టుకొని, "అయితే నేను తీయలేదని తేలిందన్నమాట" అంది.

"మేమెవరమూ అలా అనుకోలేదమ్మా" అన్నాను.

"మీరనుకోలేదు నాయనా. కాని ఆ పదిమందీ విన్నారుగా" అంది.

చదువరులారా, మీ ఇంట అల్లే చేతులు ఉంటే ఈ సాయంకాలమే ఒక నోటు పుస్తకం కొని ఇవ్వండి. ఈసారి నూలు తెచ్చుకునేటప్పుడు సాక్షి ఉండను మరువకండి.