చుక్కల అచ్చుకు అంత ఖరీదెందుకు?

హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూసినవారికి అక్కడి శాసనం గుర్తుండే ఉంటుంది. కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనమది. అలా రాతిలో చెక్కిన అక్షరాలను కళ్ళు మూసుకొని వేలితో తడిమితే గీతలు తగులుతాయి. కాని అది ఏ అక్షరమో పోల్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఎందుకని? వంపులు తిరిగిన గీతను వేలికొన త్వరగా గుర్తుపట్టలేదు. విడివిడిగా ఉన్న చుక్కలనైతే ఇట్టే పసిగడుతుంది.

ఈ సంగతి లోకానికి తెలియజెప్పినవాడు ఒక బాలుడు. ఫ్రాన్సు దేశంలో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీకి మూడేళ్ళ వయసులో, తండ్రి తోలుపనికి వాడే ఆరె కంటికి గుచ్చుకుంది. క్రమంగా రెండు కళ్ళూ పోయాయి. పారిస్‌లో అతడు చేరిన అంధుల పాఠశాలలో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. ఆ పుస్తకాలు బరువైనవి, ఖరీదైనవి. బార్బియే అనే సైనికాధికారి 12 చుక్కల లిపి ఒకటి తయారుచేశాడు. బ్రెయిలీ దాన్ని 6 చుక్కలకు కుదించాడు. అది 1824 నాటి మాట. అప్పటికతనికి 15 ఏళ్ళు!

ఆరు చుక్కలతో అన్ని అక్షరాలా?

ఒక గడిలో రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఎడమవైపు పైనుంచి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. ఒక్కొక్క చుక్క ఉండవచ్చు, లేకపోవచ్చు. రెండును ఆరుసార్లు హెచ్చిస్తే 64. అందులో ఖాళీ గడి పోగా 63 గుర్తులు మిగులుతాయి.

మన దేశ భాషలన్నిటికీ పనికివచ్చే భారతి బ్రెయిలీ 1951లో అమలులోకి వచ్చింది. 'కలం' అని రాయాలనుకోండి. 'క'కు 1, 3 చుక్కలు. 'ల'కు 1, 2, 3. సున్నకు 5, 6. మూడు గడులతో మాట పూర్తి! హిందీ 'క'కూ ఇవే చుక్కలు.

ఫోను చదివి వినిపిస్తుంది గదా?

ఈ రోజుల్లో ఫోను పాఠం చదివి వినిపిస్తుంది. మరి బ్రెయిలీ పుస్తకం ఎందుకు? మీరే చెప్పండి. శ, ష, స తేడాలు చెవితో విని ఎందరు సరిగా రాయగలరు? బీజగణితంలో కుండలీకరణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఒక్కసారి వింటే గుర్తుంటుందా? వినడం వేరు, చదవడం వేరు. పుస్తకం లేని అంధ విద్యార్థికి చదువు వచ్చినా అక్షరం రాదు. అందుకే ఈ అచ్చు ఖరీదు ఒక పిల్లవాడి చదువుకు సంబంధించిన విషయం.

ఖరీదు ఎక్కడుంది?

చేతితో రాసే బ్రెయిలీ పలక, సూది కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. కాగితాన్ని వెనుకనుంచి పొడవాలి గనుక కుడినుంచి ఎడమకు, అద్దంలో బొమ్మలా తిరగేసి రాయాలి. ఒక్కొక్క చుక్కా విడిగా పొడవాలి. పుస్తకమంతా ఇలా రాయాలంటే ఎన్ని రోజులు పడుతుందో ఊహించండి.

అచ్చుయంత్రమైతే ఈ పని వేగంగా చేస్తుంది. కంప్యూటరు తెలుగు పాఠాన్ని చుక్కలుగా మారుస్తుంది. విద్యుదయస్కాంతాలు చిన్న మేకులను కాగితం మీదికి తోస్తాయి. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు. కాగితం చిరగకూడదు, చుక్క అణగిపోకూడదు. లక్షలాది దెబ్బలు కొట్టినా మేకు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ కదలకూడదు. అంత గట్టి యంత్రం కావాలి. దాన్ని కొనేవారేమో కొద్దిమంది. వేలకొద్దీ తయారయ్యే మామూలు ప్రింటరు చౌకగా వస్తుంది. కొద్దిగా తయారయ్యే ఈ యంత్రం లక్షల్లో పలుకుతుంది. కాగితం కూడా మందంగా ఉండాలి. పెద్ద కాగితం మీద వరుసకు సుమారు 40 గడులే పడతాయి. కాబట్టి మన పుస్తకంలో ఒక పేజీ అక్కడ రెండు మూడు పేజీలవుతుంది.

2014లో అమెరికాలో ఏడవ తరగతి చదువుతున్న శుభం బెనర్జీ అనే బాలుడు ఈ ధరలు విని ఆశ్చర్యపోయాడు. అప్పట్లో చిన్న యంత్రమే సుమారు 2,000 డాలర్లు. అతడు 350 డాలర్ల లెగో ఆటవస్తువుల పెట్టెతో బ్రెయిలీ చుక్కలు పొడిచే యంత్రం తయారుచేసి, దాన్ని ఎలా చేయాలో అందరికీ వెల్లడించాడు. సన్నని కాగితపు చుట్ట మీద మెల్లగా అచ్చువేసే ఆ యంత్రం పాఠ్యపుస్తకాలకు చాలదు. అయినా చుక్క పొడవడమనే పనికి అంత డబ్బు అక్కరలేదని అది నిరూపించింది.

పంచుకుంటే తగ్గే ధర

ఒక లెక్క చేద్దాం. యంత్రం ఖరీదు 5 లక్షల రూపాయలనీ, అది పదేళ్ళు పనిచేస్తుందనీ అనుకుందాం. ఒక బడి ఏటా 100 పుస్తకాలు అచ్చువేసుకుంటే మొత్తం 1,000 పుస్తకాలు. ఒక్కొక్క పుస్తకం మీద యంత్రం భారం 500 రూపాయలు. అదే యంత్రాన్ని పది బడులు కలిసి వాడుకుంటే ఆ భారం 50 రూపాయలే! యంత్రం మారలేదు, వాడే పద్ధతి మారింది.

డెహ్రాడూన్‌లో 1951లో నెలకొన్న కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం ఇలా పంచుకొనే పద్ధతిలోనిదే. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టి, అంధుడై ఉండి అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివిన బొల్లా శ్రీకాంత్ కూడా ఈ బాటలోనే నడిచారు. బహుళ వైకల్యాలున్న పిల్లల కోసం 2011లో ఒక కేంద్రాన్ని స్థాపించడంలో పాలుపంచుకొని, అందులో బ్రెయిలీ ముద్రణ మొదలుపెట్టారు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, అంధుల కోసం పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చడానికి రచయిత అనుమతి కోసం వేచి ఉండనక్కరలేదు. ఇదే ఉద్దేశంతో కుదిరిన మర్రకేష్ ఒడంబడికను 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే.

ఇక మిగిలినది మీరు కూడా చేయగల పని. చాలా తెలుగు పుస్తకాలు పాత పద్ధతి ఫాంట్లలో కూర్చినవి. వాటిలో తెర మీద 'క' కనిపించినా, కంప్యూటరుకు అది 'క' అని తెలియదు. కనుక చుక్కలుగా మార్చలేదు. అదే పాఠాన్ని యూనికోడ్‌లో తప్పుల్లేకుండా కూర్చితే, చుక్కలుగా మార్చే పని చాలావరకు కంప్యూటరే చేసుకుంటుంది. వరంగల్లులో పదిమంది విద్యార్థులు తలా ఒక పాఠం కూర్చితే ఒక పుస్తకం సిద్ధమవుతుంది. ఆ ప్రతి ఒక్క యంత్రం దగ్గరికి చేరితే చాలు, ఎన్ని బడులకైనా పుస్తకాలు అచ్చవుతాయి. అక్షరదోషం మాత్రం రానీయకండి. మీరు చేసిన తప్పును అవతల ఒక వేలు నిజమని నమ్ముతుంది!