వెనక పలక విప్పితే

1950ల చివర్లో అమెరికాలో ఫెండర్ కంపెనీ చేసిన చాంప్ గిటార్ యాంప్లిఫయర్‌ వెనక పలక తీయడానికి ఓ స్క్రూడ్రైవర్ చాలు. ఏ వాల్వు ఎక్కడ కూర్చోవాలో అచ్చువేసిన కాగితం లోపలే అంటించి ఉంటుంది. వాల్వులు మూడే. గిటార్ నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచేది 12ఏఎక్స్7, స్పీకరును కదిలించేది 6వీ6, ఏసీని డీసీగా మార్చేది 5వై3. వాల్వు రేడియో ముందు కూర్చుని పెరిగినవాళ్లకు ఆ నారింజ వెలుగు పాత చుట్టమే. కొన్నిటిలో, వైర్లు సోల్డర్ చేసిన కార్మికురాలి పేరున్న టేపు ముక్క ఇప్పటికీ కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

రెసిస్టర్లూ కెపాసిటర్లూ ఓ ఫైబర్ అట్ట మీద, వేళ్లు పట్టేంత ఎడంగా ఉంటాయి. గుయ్యిమనే మోత పెరిగిందా, మొదట ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి లోపలి ద్రవం ఎండిపోతుంది. పాతవి తీసి కొత్తవి సోల్డర్ చేస్తే మోత తగ్గుతుంది. ఒక్కటి మాత్రం మరవకూడదు: ప్లగ్ పీకేశాక కూడా వాటిలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ప్రాణాలు పోతాయి. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఈ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

వాల్వులున్నంత మాత్రాన అన్నిటినీ బాగుచేయడం ఇంత సులువు కాదు. తర్వాత వచ్చిన చాలా చవక రకాల్లో జాకులు, నాబులు, వాల్వు సాకెట్లు అన్నీ ప్రింటెడ్ బోర్డుకే అతికి ఉంటాయి. కాలు తగిలి వైరు లాగితే జాకు కింద సోల్డర్ పగులుతుంది. ఆ వెంట్రుకంత పగులు కోసం నాబులన్నీ ఊడదీసి, నట్లు విప్పి, బోర్డు మొత్తం పైకెత్తాలి. అలాగని బోర్డునే తప్పు పట్టలేం. లండన్‌లో 1962లో చేత్తో వైరింగుతో మొదలైన మార్షల్ యాంపుల కంపెనీ, 1970లలో ప్రింటెడ్ బోర్డుకు మారింది. అప్పట్లో సాకెట్లను లోహపు ఛాసిస్‌కే బిగించారు కాబట్టి ఆ యాంపులను ఇప్పటికీ హాయిగా బాగుచేస్తున్నారు.

ట్రాన్సిస్టర్ యాంపులు మొండివి. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 అందుకు పెద్ద సాక్ష్యం. కాలితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు జంటగా కాలుతాయి, జంటగానే మార్చాలి. భాగం దొరికితే పని గంటల్లో తేలుతుంది.

నా బెంగంతా డిజిటల్ మోడలింగ్ యాంపుల గురించే. వంద యాంపుల గొంతులు ఒక్క పెట్టెలో వినిపించడం నిజంగా అబ్బురమే. కానీ ఆ గొంతులన్నీ ఓ చిప్పులో, దానికి ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. చిప్పు కాళ్లు భూతద్దం లేనిదే కనపడవు. అది పోతే అచ్చం అలాంటిదే బజారులో కొని పెట్టడం కుదరదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర ఉంటుంది. కాబట్టి మెకానిక్ బోర్డు మొత్తం మారుస్తాడు, అదీ కంపెనీ ఇస్తున్నంత కాలమే. ఆ తర్వాత ఓ రోజు యాంప్ బల్ల మీదికొస్తుంది. స్పీకరు బాగానే ఉంటుంది, చెక్కపెట్టె చెక్కుచెదరదు, ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా పనిచేస్తూనే ఉంటుంది. బోర్డు మాత్రం దొరకదు.