స్టెయిన్‌లెస్ స్టీలు రేకునకు శుభ్రమైన రంధ్రములు వేయుట: తగిన పనిముట్ల ఎంపిక

బోరుబావి యొద్ద మోటారు స్టార్టరు నుంచు పెట్టె యెండకు కాగి వానకు తడియుచుండును. సామాన్యపు టినుప రేకు పెట్టెలు అడుగున తుప్పుపట్టి చెడుట చూచి, పలువురు రైతులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలను కొనుచున్నారు. ఇది మెచ్చదగిన పనియే. కాని పెట్టె మంచిదైనంత మాత్రమున చాలదు. తీగలు లోనికి పోవుటకును, మీటలును దీపములును అమర్చుటకును దానికి రంధ్రములు వేయవలసి యుండును. రంధ్రపు టంచు గరుకుగా నున్నచో అది తీగపై తొడుగును కొంచెము కొంచెముగా కోసివేయును. లోపలి తీగ రేకునకు తగిలిన నాడు పెట్టెయంతయు విద్యుత్తుతో నిండును. తడిచేతితో మీట నొక్కువానికి అది ప్రాణాపాయము. కావున ఈ చిన్న పనిని చిన్నదని యెంచరాదు.

ముందుగా ఈ లోహపు స్వభావము నెరుగవలెను. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ యనునతడు 1913వ సంవత్సరమున ఉక్కులో క్రోమియమును కలిపి తుప్పుపట్టని యుక్కును తయారుచేసెను. క్రోమియము నూటికి సుమారు 10.5 పాళ్లకు తక్కువ గాకుండ నున్న యుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలందురు. విరివిగా దొరకు 304 రకమున క్రోమియము సుమారు 18 పాళ్లు, నికెలు సుమారు 8 పాళ్లు ఉండును. క్రోమియము గాలితో కలిసి రేకుపై కంటికి కానరాని పలుచని పొరగా నేర్పడును. తుప్పును ఆపునది ఆ పొరయే.

ఈ రకపు ఉక్కునకు మరియొక గుణము కలదు. అది నలిగినకొలది గట్టిపడును. కంచరి రాగి రేకును సుత్తితో కొట్టునపుడు అది బిరుసెక్కుటయు, దానిని మెత్తపరచుటకై అతడు నడుమ నడుమ నిప్పులో కాల్చుటయు మన మెరిగినదే. స్టెయిన్‌లెస్ స్టీలును ఇట్టిదే. మొద్దుబారిన బిట్టుతో, మిక్కిలి వేగముగా, నొక్కీ నొక్కక త్రిప్పినచో బిట్టు కోయుట మాని రాపిడి పెట్టును. రాపిడిచేత ఆ చోటు గట్టిపడును, వేడెక్కును, బిట్టు మొన మాడిపోవును. కావున వాడియైన మొన, తక్కువ వేగము, విడువని ఒత్తిడి, తగిన కందెన, ఈ నాలుగును ఈ పనికి మూలసూత్రములు.

ఇక రంధ్రపు వ్యాసమును బట్టి పనిముట్టు నెన్నుకొనవలెను. స్టార్టరు పెట్టెల రేకు సాధారణముగా 1 మొదలు 2 మిల్లీమీటర్ల మందముండును.

మొదటిది, 10 మిల్లీమీటర్ల వరకు గల రంధ్రములు. వీనికి మెలిక డ్రిల్ బిట్టు చాలును. అయితే నూటికి 5 పాళ్లు కోబాల్టు కలిసిన ఎం35 రకపు బిట్టును అడిగి తీసికొనవలెను. సాధారణపు బిట్టు మొన 118 డిగ్రీల కోణముతో నుండును; ఈ పనికి 135 డిగ్రీలది మేలు. అది చోటు తప్పి జారదు.

రెండవది, 10 మొదలు 30 మిల్లీమీటర్ల వరకు గలవి. పలుచని రేకున ఇంత పెద్ద మెలిక బిట్టును త్రిప్పినచో రంధ్రము గుండ్రముగా రాక మూడు మూలలుగా వచ్చును. రేకు బిట్టునకు చుట్టుకొని చేతిని గాయపరచును. దీనికి మెట్ల బిట్టు తగినది. గోపురము వలె మెట్లు మెట్లుగా నుండు ఈ బిట్టు ఒకదానితోనే పలు కొలతల రంధ్రములు వేయవచ్చును. ఒక్కొక్క మెట్టు యెత్తు రేకు మందమునకు మించి యుండవలెనని మరువరాదు.

మూడవది, ఒకే కొలత రంధ్రములు పెక్కు వేయవలసి వచ్చినపుడు. నొక్కుడు మీటలకును సూచక దీపములకును సాధారణముగా 22.5 మిల్లీమీటర్ల రంధ్రము కావలెను. దీనికి నాకవుట్ పంచి మేలైనది. మొదట చిన్న రంధ్రము వేసి, అందులో బోల్టు దూర్చి, రేకునకు ఒక ప్రక్క పంచిని, రెండవ ప్రక్క అచ్చును అమర్చి మర బిగించినచో రేకు చక్కగా తెగును. రజను రాలదు, వేడి పుట్టదు. అయితే మెత్తని యినుమునకై చేసిన పంచి ఈ యుక్కుపై మొద్దుబారును. స్టెయిన్‌లెస్ స్టీలునకు ఎంత మందము వరకు పనికివచ్చునో దాని పెట్టెపై చూచియే కొనవలెను.

నాలుగవది, అంతకంటె పెద్దవి. వీనికి కార్బైడు పండ్లు గల గుండ్రని రంపము కావలెను. సుత్తిపోటు గల డ్రిల్లులో దానిని బిగించినపుడు ఆ పోటును తప్పక ఆపివేయవలెను. లేనిచో పండ్లు విరుగును.

గ్యాసు జ్వాలతోను, వెల్డింగు కడ్డీతోను, ఉలితోను రంధ్రము చేయరాదు. అంచు చెడుటయే గాక, వేడి తగిలిన చోట తుప్పును ఆపు గుణము తగ్గును.

వేగమును గూర్చి ఒక లెక్క చెప్పెదను. బిట్టు అంచు నిమిషమునకు సుమారు 12 మీటర్లు నడచుట తగును. అనగా 6 మిల్లీమీటర్ల బిట్టునకు నిమిషమునకు 640 చుట్లు, 10 మిల్లీమీటర్లకు 380, 20 మిల్లీమీటర్లకు 190. చేతి డ్రిల్లులు పలుమార్లు 2,500 చుట్లకు పైగా తిరుగును. కావున వేగమును తగ్గించు వీలు గల డ్రిల్లునే కొనవలెను.

పని ప్రారంభించుటకు ముందు విద్యుత్తును పూర్తిగా ఆపి, స్టార్టరును బయటికి తీయవలెను. ఉక్కు రజను దానిలో పడినచో తరువాత షార్టు సర్క్యూట్ కలుగును. రేకు వెనుక చెక్క నుంచి గట్టిగా బిగింపవలెను. సెంటరు పంచితో తేలికగా గురుతు పెట్టవలెను. బలముగా కొట్టినచో ఆ చోటే గట్టిపడును. కోత నూనెను చుక్క చుక్కగా వేయుచుండవలెను. పొడుగైన చుట్టలుగా రజను వచ్చినచో పని సరిగా సాగుచున్నట్లు. పొడి రాలి, కీచుమని శబ్దము వచ్చి, రేకు నీలివర్ణము దాల్చినచో వెంటనే ఆపి క్రొత్త బిట్టు మార్చవలెను. కంటికి అద్దములు ధరింపవలెను. పైపంచె వ్రేలాడరాదు, తిరుగు బిట్టు యొద్ద చేతి తొడుగులును తగవు.

రంధ్రము వేసిన పిమ్మట రెండు ప్రక్కల అంచును ఆకురాయితో నునుపు చేయవలెను. ఇనుమును రాచిన ఆకురాయిని దీనికి వాడరాదు. అంటుకొన్న ఇనుప రజనే తరువాత తుప్పు మచ్చలగును. స్టీలునకు తుప్పుపట్టినదని మనము వ్యర్థముగా నిందింతుము. పిదప నూనెను తుడిచి, రబ్బరు వాషరుతో కూడిన కేబుల్ గ్లాండును బిగింపవలెను. తీగలను పెట్టె అడుగునుండియే లోనికి తేవలెను. పైనుండి తెచ్చినచో వాననీరు వానివెంట దిగును. భూమి తీగను పెట్టెకు కలుపుట యెన్నడును మానరాదు.

ఈ పనిముట్లన్నియు ఒక్కొక్క రైతు కొనుట దుబారా. ఏడాదికి ఒకటి రెండు మారులకు మించి వాని యక్కర రాదు. సంఘము ఒక మెట్ల బిట్టును, ఒక పంచిని, కోబాల్టు బిట్ల కట్టను, వేగము తగ్గించు డ్రిల్లును కొని స్వల్పమైన యద్దెకు సభ్యులకిచ్చినచో గ్రామమంతటికిని చాలును. ఇచ్చునపుడును తిరిగి తీసికొనునపుడును బిట్టు మొనను చూచి పుస్తకమున వ్రాసికొనవలెను. మొద్దుబారినదానిని సానపట్టించినగాని మరియొకరికి ఇయ్యరాదు. వచ్చు సభలో సభ్యులు ఈ విషయమును ఆలోచింతురు గాక.