మార్చి 4నా, ఏప్రిల్ 3నా?

03/04/2024 అని కనిపిస్తే మనం ఏప్రిల్ 3 అనుకుంటాం. అమెరికాలో ఉన్నవాళ్లకు అది మార్చి 4. మనిషికి అనుమానం వస్తే అడుగుతాడు. ప్రోగ్రాము అడగదు. తాను నడుస్తున్న కంప్యూటర్లో ఏ భాష, ఏ దేశం పెట్టి ఉన్నాయో చూసుకుని, చాలాసార్లు దాన్ని బట్టే తేల్చేస్తుంది. ఆ సెట్టింగునే లొకేల్ అంటారు.

కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి డెవలపర్లు చిన్న చిన్న టెస్టులు రాసుకుంటారు. హైదరాబాద్‌లో ఒకరి ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్టు, అమెరికా ఇంగ్లిష్ పెట్టిన సర్వర్‌లో ఫెయిలవుతుంది. ఇదే సమస్య అనుకుని తల పట్టుకుంటారు గానీ, నన్నడిగితే ఫెయిలైన టెస్టు మేలే చేసింది. భయపడాల్సింది పాసయ్యే టెస్టుకే.

లెక్క చూడండి. నెలకు మొదటి 12 రోజుల చొప్పున ఏడాదికి 144 తేదీలు. వీటిని ఎటు నుంచి చదివినా చెల్లే తేదీయే వస్తుంది. అందులో 1/1, 2/2 లాంటి 12 తేదీలకు తేడానే లేదు. మిగిలిన 132 తేదీల్లో రోజూ నెలా తారుమారైనా ఏ ఎర్రరూ రాదు. కాబట్టి టెస్టులో 05/05/2024 అని రాసుకుంటే ఏమీ పరీక్షించనట్టే. 25/12/2024 అయితే తప్పు బయటపడాలి. అక్కడా ఒక మెలిక ఉంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో తేదీలు చదివే పాత సాధనం సింపుల్‌డేట్‌ఫార్మాట్‌కు నెల ముందు వస్తుందని చెప్పి ఈ తేదీని ఇస్తే, 25వ నెల ఎక్కడుందని అడగదు. నెలలు లెక్కపెట్టుకుంటూ పోయి 2026 జనవరి 12 అంటుంది! ఆ ఉదారత్వం వద్దని మనమే విడిగా చెప్పాలి.

నెలను అక్షరాల్లో రాస్తే గొడవ తీరుతుందా? తీరదు. దేశదేశాల తేదీ పద్ధతులను యూనికోడ్ కన్సార్టియం సీఎల్‌డీఆర్ అనే భాండాగారంలో నమోదు చేస్తుంది. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో సెప్టెంబరు పొట్టిపేరు అందులో 'సెప్' నుంచి 'సెప్ట్'కు మారింది. జావా 16తో ఆ మార్పు ప్రోగ్రాముల్లోకి వచ్చింది. కోడ్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా, పదకొండు నెలలు బాగా చదివిన ప్రోగ్రాము సెప్టెంబరు దగ్గర ఆగిపోయింది. జావా 20లో ఇంకో విచిత్రం. అమెరికా పద్ధతిలో టైమ్‌కూ, పక్కన ఉండే ఏఎం, పీఎంలకూ నడుమ మామూలు ఖాళీ పోయి మరో రకం సన్నటి ఖాళీ వచ్చింది. కంటికి ఆనదు, టెస్టుకు మాత్రం ఆ రెండూ వేరు వేరు.

ఏ వరసలో, ఏ లొకేల్‌లో చదవాలో కోడ్‌లోనే స్పష్టంగా రాయడం మొదటి పని. ప్రోగ్రాముల మధ్య తిరిగే తేదీలకైతే 1988 నాటి ఐఎస్ఓ 8601 ఉండనే ఉంది: 2024-04-03, ముందు ఏడాది, తర్వాత నెల, చివర రోజు. కొందరు టెస్టు నడిచే సర్వర్‌ను అమెరికా ఇంగ్లిష్‌కు బిగించేసి చేతులు దులుపుకుంటారు. టెస్టు పాసవుతుంది సరే, వాడేవాళ్ల ఫోన్లను ఎవరు బిగిస్తారు?

అందుకే అవే టెస్టులను కావాలని పరాయి లొకేళ్లలోనూ నడపాలి. జావాలో భాష, దేశం సెట్టింగులు రెండూ మార్చి ప్రోగ్రామును మొదలుపెడితే చాలు. జర్మన్ ఒకటి, తెలుగు ఒకటి పెట్టుకోండి, థాయ్‌ని మాత్రం వదలొద్దు. థాయ్‌లాండ్‌లో వాడే బౌద్ధ శకం క్రీస్తు శకం కంటే 543 ఏళ్లు ఎక్కువ. ఆ లొకేల్‌లో పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ 2024ను బౌద్ధ శకంగా చదివి క్రీ.శ. 1481కి తీసుకుపోతుంది. ఆ కోడ్‌తో బీమా గడువు చూస్తే, నిన్న కట్టిన పాలసీకి కూడా కాలం చెల్లి అయిదు వందల ఏళ్లు దాటిందని వస్తుంది.