గడియత్రాడు: ఒక బాలల నవలలో గృహనిర్మాణము

సికిందరాబాదు మోండా మార్కెట్టునకు గృహప్రవేశపు సంబారములకై వచ్చిన కుటుంబము పాలు పొంగించు గిన్నె, పసుపు కుంకుమలు, మామిడాకులు, పూలు, కూరగాయలు ఒక్కపూటలో సమకూర్చుకొని మరలిపోగలదు. వెంటవచ్చిన బాలునకు ఇల్లనగా అంగళ్లలో కొని తెచ్చి నింపునట్టిది. ఇట్టి బాలుని చేత అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో వెలువరించిన 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రేరీ'ని చదివించినచో, అతడు మొట్టమొదట ఆశ్చర్యపడునది మేకుల విషయముననే యని మేము తలంతుము.

ఆ నవలలో అంగడి నలువది మైళ్ల దూరమున నున్నది. తండ్రి దుంగలు నరికి గోడలు పేర్చుచుండగా సాయము పట్టిన తల్లి పాదముపై దుంగ జారిపడి కాలు బెణుకును. పిమ్మట ఎడ్వర్డ్సు అను పొరుగువాడు వచ్చి చేయి కలుపును. ఆతని పనికి వీరు బదులుపని చేయుదురు. పైకప్పునకు మేకులను సైతము ఆతడే బదులిచ్చును. సుత్తిదెబ్బకు ఎగిరి గడ్డిలో పడిన మేకును మేరీ, లారా లిరువురును వెదకి పట్టుకొందురు. అన్ని మేకులను తీర్చవలెను గదా! కుటుంబబంధమును గూర్చి రచయిత్రి వేరుగా నుపన్యసింపదు. ఈ వెదకులాటయే అది.

తలుపునకు మేకులే లేవు, కొయ్యచీలలే. తలుపు సిద్ధముకాక మునుపు వాకిట దుప్పటి వ్రేలాడుచుండగా తోడేళ్ల గుంపు ఇంటిని చుట్టుముట్టినది. కావున తలుపు గడియకు రచయిత్రి యిచ్చిన ప్రాధాన్యము సహజమే. లోపలి కొయ్యగడియకు కట్టిన తోలుత్రాడు రంధ్రముగుండ వెలుపలికి వచ్చును. దానిని లాగినచో గడియ లేచును. రాత్రివేళ లోనికి లాగుకొన్నచో నెవ్వరును రాజాలరు. దీనిని 'గొళ్లెము' అని తెలిగించినచో సగము కథ పోవును. 'గడియత్రాడు' అనుటయే మేలు.

ఇక చరిత్ర. 1867లో జన్మించిన రచయిత్రి 1869 నుండి 1871 వరకు కాన్సాసులో నున్న శిశువు. కథలో పెక్కుభాగము పెద్దలు చెప్పగా విన్నదే. చెల్లెలు కారీ నిజమునకు అచ్చటనే 1870లో పుట్టగా, నవలలో ప్రయాణమునాటికే తల్లి ఒడిలో నున్నది. ఇట్టి మార్పులు నవలకు దోషములు కావు. కాని ఆ యిల్లు లేచిన నేల ఓసేజ్ జాతివారిది. 1870 నాటి శాసనము పిమ్మట వారు నేటి ఓక్లహామాలోని ప్రదేశమునకు తరలిపోవలసివచ్చెను. నవల ఆరంభమున ఆ దేశమున మనుష్యులే లేరన్నట్లున్న మాటను 1953లో 'వలసవచ్చినవారు' లేరను నర్థము వచ్చునట్లు సవరించిరి. ఒక్కపదము మార్పుతో ఆ లోపము తీరలేదని మా అభిప్రాయము. తెలుగు చేయువారు పీఠికలో ఓసేజ్ వారి పేరును, ఆ శాసనపు సంవత్సరమును తప్పక చేర్చవలెను.

సైనికులు వెడలగొట్టుదురను వార్త విని తండ్రి ఆ యిల్లు విడుచును. పోవునపుడు తలుపు మూసి, ఎవరికైన నీడ కావలసివచ్చునేమో యని, త్రాటిని వెలుపలనే యుంచును.