బరువు తగ్గట్లేదా? ఒకసారి వాచ్‌లో స్ట్రెస్ గ్రాఫ్ ఓపెన్ చేయండి

నాది వర్క్ ఫ్రమ్ హోమ్. కల్హేర్‌లో మా ఇంట్లోనే కూర్చుని కోడ్ రాస్తాను. అద్దె లేదు, ట్రాఫిక్ లేదు, అమ్మ చేసే జొన్న రొట్టె ఉంది. అయినా ఏడాదిలో 9 కిలోలు పెరిగాను. కాటా 84 చూపించాక భయమేసి స్మార్ట్‌వాచ్ కొన్నా. నారాయణఖేడ్ వెళ్లి థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించుకున్నా, నార్మల్.

రెండు నెలలు పొద్దున 6కే నడక, రాత్రి అన్నం బంద్. వాచ్ 450 క్యాలరీలు ఖర్చయ్యాయంటే, ఆ ధైర్యంతో ఓ సమోసా. కాటా కదల్లేదు. నిజానికి క్యాలరీలను వాచ్ కొలవదు. గుండె వేగం, కదలికలు, మన వయసు, బరువు చూసి అంచనా వేస్తుందంతే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు డివైజ్‌లను పరీక్షిస్తే, ఆరింటిలో హార్ట్ రేట్ తేడా 5 శాతం లోపే ఉంది. క్యాలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా వెనకబడింది 93 శాతం! నా సమోసా లెక్క ఏమైందో మీకే అర్థమై ఉంటుంది.

ఓ ఆదివారం ఊరికే యాప్ స్క్రోల్ చేస్తుంటే స్ట్రెస్ గ్రాఫ్ కనిపించింది. రాత్రి 10 నుంచి 1 దాకా రోజూ ఆరెంజ్ రంగే. అవి క్లయింట్ కాల్స్ టైమ్. అప్పుడే నా పక్కన చుడువా డబ్బా కూడా ఉంటుంది. పడుకునేసరికి 2, లేచేది 6కి.

ఈ స్కోర్ ఎలా వస్తుందంటే, వాచ్ వెనక ఉండే ఆకుపచ్చ లైట్ రక్త ప్రవాహాన్ని గమనించి, గుండె ఒక్కో కొట్టుకు మధ్య గ్యాప్ ఎంతో చూస్తుంది. ప్రశాంతంగా ఉంటే ఆ గ్యాప్ కొద్దికొద్దిగా మారుతుంటుంది. టెన్షన్‌లో ఆ తేడాలు తగ్గిపోతాయి. దీన్నే హెచ్‌ఆర్‌వీ అంటారు. జ్వరమొచ్చినా, కాఫీ ఎక్కువైనా స్కోర్ పెరగొచ్చు, కాబట్టి ఒక్క రోజు నంబర్ చూసి కంగారు పడొద్దు. కనీసం రెండు వారాల ట్రెండ్ చూడండి.

దీనికీ బరువుకూ ఏం సంబంధం? ఒత్తిడి రోజుల తరబడి ఉంటే కార్టిసాల్ పెరిగి, తీపి, నూనె పదార్థాల మీదికి మనసు పోతుంది. నిద్ర దెబ్బ ఇంకా పెద్దది. 2010లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు పది మందికి తక్కువ క్యాలరీల తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకునే టైమ్ ఇచ్చారు. రెండుసార్లూ సుమారు 3 కిలోలే తగ్గారు. కానీ నిద్ర తగ్గినప్పుడు కరిగిన కొవ్వు 1.4 నుంచి 0.6 కిలోలకు పడిపోయింది. మిగతాదంతా కండ లాంటిదే పోయింది. చిన్న స్టడీయే, కానీ నా నాలుగు గంటల నిద్ర గుర్తొచ్చి వాచ్ వైపు చూడబుద్ధి కాలేదు.

"తిండి బంద్ పెట్టుడు కాదు బిడ్డా, మొదలు నిద్ర పో" అని అమ్మ ఎప్పటినుంచో అంటూనే ఉంది. ఆమెకు గ్రాఫ్ అవసరం పడలేదు.

టీమ్ లీడ్‌ని అడిగితే వారంలో మూడు కాల్స్ రాత్రి 8:30కి మారాయి. అడగడానికి నాకు నెల పట్టింది, ఒప్పుకోవడానికి ఆయనకు రెండు నిమిషాలు. నడక సాయంత్రానికి మార్చి, పొద్దున 8 దాకా పడుకుంటున్నా. నాయినకు ఇది అస్సలు నచ్చలేదు. రాత్రి అన్నం మళ్లీ తింటున్నా, చుడువా డబ్బా వంటింట్లోకి పోయింది. వాచ్‌లో స్ట్రెస్ అలర్ట్ మాత్రం ఆఫ్ చేశా. కాల్ మధ్యలో చెయ్యి వణికించి "మీకు ఒత్తిడి ఎక్కువగా ఉంది" అంటే ఉన్నది ఇంకాస్త పెరుగుతోంది మరి.

కొనేవాళ్లకు ఒక మాట: రోజంతా స్ట్రెస్, నిద్ర, హెచ్‌ఆర్‌వీ ట్రెండ్ సబ్‌స్క్రిప్షన్ లేకుండా చూపిస్తుందా లేదా అన్నది ముందు చెక్ చేయండి. డయల్ డిజైన్లు తర్వాత.

నాలుగు నెలలైంది. ఇప్పుడు 79.2. మంగళ, గురువారాల రాత్రులు మాత్రం గ్రాఫ్ ఇంకా ఆరెంజే.